హడ్సన్ నది మీద మూడు కాలాల పడవలు: 1909 నాటి రెండు సెంట్ల స్మారక తపాలా బిళ్ళ

ఆవిరి పడవల బొమ్మలతో వచ్చిన తపాలా బిళ్ళలకు కొదవ లేదు గాని, నది మీద ఆవిరి ప్రయాణం మొదలైన తొలినాళ్ళను ఆ నదితో సహా చూపించే బిళ్ళ ఏదైనా చెప్పమని కొత్తగా సేకరణ మొదలుపెట్టిన వారెవరైనా అడిగితే, నేను మరో ఆలోచన లేకుండా చెప్పేది అమెరికా తపాలా శాఖ 1909 సెప్టెంబరు 25న విడుదల చేసిన రెండు సెంట్ల హడ్సన్–ఫుల్టన్ స్మారక బిళ్ళ గురించే. 1609లో న్యూయార్కు దగ్గరి ఆ నదిలోకి ఓడ నడిపిన హెన్రీ హడ్సన్‌ను, 1807లో దాని మీద ఆవిరి పడవ నడిపిన రాబర్ట్ ఫుల్టన్‌ను కలిపి స్మరించే బిళ్ళ ఇది. నూరేళ్ళు దాటిన వస్తువు కదా, ధర ఆకాశంలో ఉంటుందేమోనని బెదరవలసిన పని లేదు. అంచు రంధ్రాలున్న రకం 7,26,34,631 ప్రతులు జారీ అయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం కవర్ల మీద అంటుకుని ఊళ్ళు తిరిగినవే కనుక, వాడిన ప్రతి నేటికీ మామూలు జీతగాడికి అందుబాటులోనే ఉన్నది. నా ప్రతిని నేను 400 రూపాయలకు, తపాలా ఖర్చు వేరుగా, పొరుగు రాష్ట్రపు వ్యాపారి దగ్గర తెప్పించుకున్నాను. దాన్ని ఎదురుగా పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా బిళ్ళ రూపం. ఇది అడ్డంగా సాగిన బిళ్ళ. వెడల్పు సుమారు ఒకటిముప్పావు అంగుళాలు, ఎత్తు అందులో సగం. రంగు లత్తుకను తలపించే ముదురు ఎరుపు ఒక్కటే. రెండో రంగు ఎక్కడా లేదు. ఆ రోజుల్లో అమెరికాలో మామూలు ఉత్తరానికి రెండు సెంట్లు చెల్లించేవారు, రెండు సెంట్ల బిళ్ళ ఎర్రగా ఉండడం అక్కడి తపాలా గుమాస్తాలకు అలవాటు. బొమ్మను కూర్చినవాడు ప్రభుత్వ ముద్రణాలయమైన బ్యూరో ఆఫ్ ఎన్‌గ్రేవింగ్ అండ్ ప్రింటింగ్‌లో పనిచేసిన క్లెయిర్ ఆబ్రీ హస్టన్. ఉక్కు పలక మీద గీతలు చెక్కి, ఆ గాడుల్లో సిరా నింపి, తడి కాగితాన్ని బలంగా అదిమి తీసిన ముద్రణ ఇది. అందువల్ల సిరా కాగితం మీద పూతలాగా పరుచుకోక, గట్టు కట్టినట్టు కొంచెం ఎత్తుగా నిలిచి ఉంటుంది. కిటికీ దగ్గర బిళ్ళను ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూస్తే నీటి మీది ప్రతి గీతా విడివిడిగా కనబడుతుంది. నేటి ఆఫ్‌సెట్ ముద్రణలో వచ్చే రంగురంగుల బిళ్ళలను అదే భూతద్దంతో చూస్తే చుక్కలు తప్ప మరేమీ కనబడవు. ఈ తేడా ఒక్కటి తెలుసుకోవడానికైనా ఇలాంటి పాత బిళ్ళను పిల్లల చేతికి ఒకసారి ఇవ్వవచ్చు, అయితే ట్వీజర్స్‌తో పట్టుకోవడం నేర్పిన తర్వాతనే.

ఇక బొమ్మ. పైన ‘హడ్సన్–ఫుల్టన్ సెలబ్రేషన్’ అనే పేరు, దాని కింద 1609–1909 అనే సంవత్సరాలు, ఆ కింద వంపు తిరిగిన వరుసలో దేశం పేరు, అడుగున రెండు మూలలా పెద్ద 2 అంకెలు, వాటి నడుమ పట్టీలో అక్షరాలలో విలువ ఉన్నాయి. ఈ చట్రం మధ్యలో హడ్సన్ నది పారుతున్నది. వెనుక నిటారుగా లేచిన పాలిసేడ్స్ కొండచరియలు; పాపికొండల నడుమ లాంచీలో వెళ్ళిన తెలుగువారికి నీళ్ళలోంచే గోడ లేచినట్టుండే ఆ దృశ్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నదిలో తెరచాపలెత్తి ఎగువకు పోతున్న హడ్సన్ ఓడ ‘హాఫ్ మూన్’ ఒకటి, దానికి ఎదురు దిశలో సాగుతున్న ఫుల్టన్ ఆవిరి పడవ ‘క్లెర్మాంట్’ ఒకటి. ముందుభాగంలో ఒక ఆదివాసి నడుపుతున్న చిన్న దోనె. దూరంగా, పరికించి చూస్తేనే తెలిసేలా, నలుగురు కూర్చున్న మరో దోనె. తెడ్డు, తెరచాప, ఆవిరి అనే మూడు బలాలతో మనిషి ఒకే నది మీద నడిచిన తీరును ఇంత చిన్న చోట ఇమిడ్చి, అయినా ఇరుకు అనిపించకుండా గీయగలగడం ఈ బిళ్ళలోని పనితనం. నాయకుడి తలకాయ వేసి పక్కన పడవను ఆభరణంగా అతికించే పద్ధతి అప్పటికీ ఇప్పటికీ తపాలా శాఖలకు సులువైనదే. హస్టన్ ఆ దారి తొక్కలేదు. బిళ్ళ పేరులో హడ్సన్, ఫుల్టన్ ఇద్దరూ ఉన్నా బొమ్మలో ఇద్దరి ముఖాలూ లేవు. నది ఉన్నది, దాని మీద పడవలు ఉన్నాయి.

బొమ్మలోని ఆవిరి పడవ కథ తెలిస్తే బిళ్ళ విలువ ఇంకా బోధపడుతుంది. రాబర్ట్ ఫుల్టన్ చిత్రకారుడిగా జీవితం మొదలుపెట్టి యంత్రాల వైపు మళ్ళినవాడు. ఆయనకు డబ్బు పెట్టినవాడు రాబర్ట్ లివింగ్‌స్టన్. 1789లో జార్జి వాషింగ్టన్ చేత అధ్యక్ష పదవీ ప్రమాణం చేయించింది, తర్వాత ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉండి 1803లో లూసియానా కొనుగోలును కుదిర్చినవారిలో ఒకడు ఈయనే. పారిస్‌లో ఉండగానే ఇద్దరూ కలిసి సేన్ నది మీద 1803లో ఒక నమూనా పడవను నడిపి చూశారు. ఆ తర్వాత ఇంగ్లండులోని బౌల్టన్–వాట్ కర్మాగారంలో చేయించిన ఇంజను న్యూయార్కు చేరింది. ఛార్లెస్ బ్రౌన్ పడవల వాడలో 140 అడుగులకు పైబడిన పొడవున్న సన్నటి పడవ తయారైంది. రెండు పక్కలా 15 అడుగుల వ్యాసమున్న తెడ్ల చక్రాలు అమర్చారు. 1807 ఆగస్టు 17న మధ్యాహ్నం న్యూయార్కులో బయలుదేరి, 110 మైళ్ళ దూరాన ఉన్న లివింగ్‌స్టన్ ఎస్టేటుకు 24 గంటల్లో, అక్కడ రాత్రి ఆగి మరునాడు మిగిలిన 40 మైళ్ళు 8 గంటల్లో నడిచి, మొత్తం 150 మైళ్ళు 32 గంటల ప్రయాణంతో అది నది ఎగువనున్న ఆల్బనీ పట్టణం చేరింది. తిరుగు ప్రయాణం 30 గంటలు. గంటకు ఐదు మైళ్ళంటే నేటివారికి నవ్వు రావచ్చు గాని, అంతకు ముందు ఆ దారిలో తెరచాప పడవలు మామూలుగా నాలుగు రోజులకు, గాలి అనుకూలించకుంటే వారానికి చేరేవి. ఎప్పుడు చేరతామో బయలుదేరేటప్పుడే చెప్పగలగడం కొత్త సంగతి. ఆ సెప్టెంబరులోనే ఆల్బనీకి 36 గంటలు, 7 డాలర్లు అని ప్రయాణకాలాన్నీ ఛార్జీనీ ముందుగానే ప్రకటించి ప్రయాణికులను ఎక్కించుకున్నారు. ఆ పడవను అప్పట్లో ‘నార్త్ రివర్ స్టీమ్‌బోట్’ అనేవారు. క్లెర్మాంట్ అనే పేరు లివింగ్‌స్టన్ ఎస్టేటు నుంచి వచ్చి తర్వాత స్థిరపడింది.

ఇంతటి ఘనతను స్మరించే బిళ్ళ మీద 1807 అనే సంవత్సరం ఎక్కడా లేకపోవడం నాకు ప్రధానమైన లోపంగా కనబడుతున్నది. దీనికి కారణం ఉత్సవంలోనే ఉన్నది. హెన్రీ హడ్సన్ ఆ నదిలో ప్రవేశించి 300 ఏళ్ళయిన సందర్భం 1909లో వస్తున్నందున, రెండేళ్ళు ముందే నిండిన ఫుల్టన్ శతాబ్దిని దానితో కలిపి ఒకే పండుగ చేశారు. ఇద్దరి పేర్లూ పెట్టినవారు ఇద్దరి సంవత్సరాలూ పెట్టి ఉండవలసింది. బిళ్ళను మొదటిసారి చూసేవారికి ఆవిరి పడవ కూడా 1609లోనే ఉన్నదనే భ్రమ కలగకపోయినా, అది ఎప్పటిదో తెలుసుకునే దారి బిళ్ళలో దొరకదు. మరొక చిన్న విషయం గమనించాను. హాఫ్ మూన్ ఎగువకు పోతుండగా ఆవిరి పడవ దిగువకు వస్తున్నది. అంటే బొమ్మలోని ప్రయాణం లోకమంతా చెప్పుకునే ఆ 32 గంటల పయనం కాదు, ఆల్బనీ నుంచి తిరిగివచ్చేటప్పటిది. రెండు పడవలు ఒకే వైపు పోతుంటే పోటీ పందెంలా ఉండేది కనుక చిత్రకారుడు చేసిన ఏర్పాటును తప్పు పట్టలేము. కంటికి అదే సమతూకంగా ఉన్నది.

హాఫ్ మూన్ వైపు కూడా ఒక చూపు చూడాలి. హడ్సన్ ఆంగ్లేయుడైనా డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, ఆసియాకు దగ్గరి దారి వెతుకుతూ ఆ నదిలోకి వచ్చాడు. అదే దశాబ్దంలో అదే కంపెనీ మచిలీపట్నంలో గోల్కొండ సుల్తానుల అనుమతితో కోఠీ పెట్టి మన నేతబట్టలు కొంటున్నది. ఆయన వెతికిన ఆసియాలో మన కోస్తా కూడా ఉన్నదన్నమాట. ఇక ముందుభాగంలోని దోనె విషయం. దాన్ని కేవలం అలంకారంగా కాక, నది మీద తిరిగిన తొలి వాహనంగా చూపించాలన్న ఉద్దేశంతోనే వేసినట్టు నాకు తోస్తున్నది. ఈ ఉత్సవాల రోజుల్లోనే, 1909 అక్టోబరు 4న, విల్బర్ రైట్ తన విమానంలో హడ్సన్ నది మీదుగా ఎగిరాడు. నీళ్ళలో పడితే తేలడానికి ఆయన విమానం అడుగున కట్టుకున్నది ఒక దోనెనే. ఆ సంగతి ముందుగా తెలిసి ఉంటే హస్టన్ బొమ్మలో నాలుగో వాహనం కూడా చేరేదేమో.

ఇదే విషయం మీద తర్వాత వచ్చిన అమెరికా బిళ్ళలు రెండింటిని దీని పక్కన పెట్టి చూశాను. ఫుల్టన్ పుట్టి 200 ఏళ్ళయినప్పుడు 1965లో వచ్చిన ఐదు సెంట్ల బిళ్ళలో శిల్పి ఊడాన్ చెక్కిన ఫుల్టన్ అర్ధవిగ్రహం, వెనుక క్లెర్మాంట్ ఉన్నాయి. నలుపు, నీలం రంగుల్లో శుభ్రంగానే ఉన్నది, ధర కూడా నామమాత్రం. కాని ముఖం ముందుకు రావడంతో పడవ పరిచయపత్రంలా మారిపోయింది. ఆల్బమ్‌లో ఖాళీ పూరించడానికి కొనవచ్చు, మళ్ళీ తెరిచి చూడాలనిపించదు.

1989 మార్చి 3న న్యూ ఆర్లియన్స్‌లో విడుదలైన 25 సెంట్ల ఐదు బిళ్ళల వరుస మాత్రం గట్టి పోటీ ఇస్తున్నది. చిత్రకారుడు రిచర్డ్ ష్లెక్ట్ ఐదు పడవలను ఐదు బిళ్ళలుగా గీశాడు. మొదటిది 1788–90 నాటి ‘ఎక్స్‌పెరిమెంట్’. ఫుల్టన్ కంటే చాలా ముందే డెలావేర్ నది మీద ఆవిరి పడవ నడిపి, 1790లో ఫిలడెల్ఫియా, ట్రెంటన్‌ల మధ్య ప్రయాణికులను తిప్పిన జాన్ ఫిచ్ పడవ అది. ఆయనకు పనితనం ఉన్నది గాని లాభం రాలేదు. రెండోది 1809 నాటి ‘ఫీనిక్స్’. జాన్ స్టీవెన్స్ దాన్ని కట్టాడు. న్యూయార్కు రాష్ట్ర జలాలలో ఆవిరి పడవలు నడిపే హక్కు లివింగ్‌స్టన్, ఫుల్టన్‌ల గుత్తాధిపత్యంలో ఉండడంతో హడ్సన్ మీద చోటు దొరకక, దాన్ని సముద్రం గుండా ఫిలడెల్ఫియాకు పంపాడు. ఆ గుత్తాధిపత్యాన్ని చివరకు 1824లో అమెరికా సుప్రీంకోర్టు గిబ్బన్స్–ఆగ్డెన్ తీర్పుతో కొట్టివేసింది. మూడోది 1812 నాటి ‘న్యూ ఆర్లియన్స్’. పిట్స్‌బర్గ్‌లో తయారై, దారిలో న్యూ మాడ్రిడ్ భూకంపాలను తట్టుకుని మిసిసిపీ మీద దిగివచ్చిన తొలి ఆవిరి పడవ అది; ఆ ప్రయాణంలోనే పడవ నడిపించిన నికొలస్ రూజ్‌వెల్ట్ భార్య లిడియా ప్రసవించింది కూడా. తర్వాతివి హెన్రీ ష్రీవ్ కట్టిన 1816 నాటి ‘వాషింగ్టన్’, ఈరీ సరస్సు మీద తిరిగిన 1818 నాటి ‘వాక్ ఇన్ ది వాటర్’. ఈ ఐదింటిలో క్లెర్మాంట్ లేదు. 1909లో పండుగ చేసిన పడవను 80 ఏళ్ళ తర్వాత అదే దేశపు తపాలా సంస్థ పక్కన పెట్టి, పండుగకు నోచుకోని ఫిచ్‌ను వరుస మొదట నిలబెట్టింది. అందుకే రెండూ కొని పక్కపక్క పేజీల్లో పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. చరిత్ర తెలుసుకోవడానికి 1989 వరుస మెరుగు, చెక్కడపు పని చూడడానికి, నదిని చూడడానికి 1909 బిళ్ళకు సాటి లేదు.

హడ్సన్ మీద ఆవిరి ఎందుకు అంత తేలికగా నిలదొక్కుకున్నదో మన వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆల్బనీ దాకా హడ్సన్ సముద్రపు పోటుపాట్లు తగిలే నది. లోతుగా ఉంటుంది, దారిలో బండరాళ్ళ అడ్డు లేదు, రెండు కొసలా కిరాయి ఇవ్వగల పట్టణాలు ఉన్నాయి. గోదావరికి ఈ అదృష్టం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు ఎగువ గోదావరిని, ప్రాణహితను, వార్ధాను కలిపి పడవల దారి చేసి, వార్ధా లోయ పత్తిని కోస్తాకు దింపాలని 19వ శతాబ్దం మధ్యలో పథకం వేశారు. 1860లో నిజాముతో కుదిరిన ఒప్పందంలో గోదావరి మీద సరుకులకు సుంకం ఉండరాదన్న షరతు కూడా చేరింది. కాని దారిలో మూడు చోట్ల రాతి బండలు నదిని అడ్డుకున్నాయి: మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది కాళేశ్వరానికి దిగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద. ఒక్కొక్క చోట ఆనకట్ట, పక్క కాలువ, లాకులు కట్టి పడవలను దాటించాలన్నది ఏర్పాటు. హేగ్ అనే ఇంజనీరు అధికారి ఆ పనుల బాధ్యత చూశాడు. ఏడాదిలో కొన్ని నెలలే పడవ నడిచేంత నీరుండడం, ఖర్చు పెరిగిపోవడం, ఈలోగా 1867లో రైలు నాగపూరు చేరడం కలిసి ఆ పథకాన్ని ముంచాయి. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నేటికీ ఉన్నది. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు లారీల మీద వచ్చే ఈ రోజుల్లో, ఒకప్పుడు పత్తి కోసమే మన ఏరుకు లాకులు కట్టారని చెబితే వరంగల్ పిల్లలు నమ్మరు. నా ఆల్బమ్‌లో ఈ ఎర్ర బిళ్ళ ఉన్న పేజీకి ఎదురుగా దుమ్ముగూడెం గురించి ఒక చీటీ రాసి పెట్టుకున్నాను. ఇతివృత్త సేకరణ చేసేవారు, అంటే ఒక విషయాన్ని పట్టుకుని దేశదేశాల బిళ్ళలు పోగు చేసేవారు, ఇలా తమ ఊరి పక్క కథను జోడిస్తే ప్రదర్శనల్లో ఆ పేజీ ముందు జనం ఆగి చూస్తారు.

కొనుగోలు అనుభవానికి వస్తే, సేవ సగం బాగున్నది. విదేశీ పాత బిళ్ళలు హైదరాబాదు ఆబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలీ బ్యూరోలో దొరకవు, అక్కడ దొరికేవి మన దేశపు కొత్త విడుదలలే. కాబట్టి ప్రైవేటు వ్యాపారులే దిక్కు. నేను కొన్న వ్యాపారి పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. బిళ్ళను పారదర్శకమైన గ్లాసిన్ కవరులో పెట్టి, రెండు అట్టముక్కల నడుమ బిగించి, స్పీడ్ పోస్టులో పంపాడు. హనుమకొండ చేరేసరికి అంచు రంధ్రాల నడుమ నిలిచే పళ్ళలో ఒక్కటి కూడా మడత పడలేదు. ప్యాకింగ్‌కు పూర్తి మార్కులు వేయవచ్చు. వర్ణనకు మాత్రం వేయలేను. ఫొటోలో ముందువైపు మాత్రమే చూపించి ‘లోపరహితం’ అని రాశాడు. బిళ్ళను తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకుంటే ఎడమ పైమూలన కాగితం పలుచబడిన మచ్చ కనబడింది. ఎప్పుడో ఆల్బమ్‌లో బిళ్ళను నిలపడానికి వెనుక అంటించిన హింజ్‌ను, అంటే జిగురు కాగితపు ముక్కను, తొందరపడి పీకినప్పుడు కాగితం పొర లేచిపోయి ఏర్పడే లోపం ఇది. వాడిన బిళ్ళలో ఇది పెద్ద నేరం కాదు, ముందే చెప్పి వంద తగ్గించి ఉంటే సంతోషంగా తీసుకునేవాణ్ణి. సందేశం పంపితే మర్యాదగానే సమాధానం ఇచ్చి, తిరిగి పంపితే డబ్బు ఇస్తానన్నాడు గాని, రానుపోను తపాలా ఖర్చు నా మీదనే పడుతుందన్నాడు. ముద్ర తేలికగా పడి బొమ్మంతా స్పష్టంగా ఉన్న ప్రతి కనుక ఉంచుకున్నాను. పాత బిళ్ళ కొనేటప్పుడు వెనుకవైపు ఫొటో అడిగి తీసుకోవడం కొనేవారి హక్కు, ఇవ్వనంటే ఆ దుకాణం వదిలేయడం మేలు.

ఈ బిళ్ళలో వెతకవలసినవి ప్రధానంగా రెండు. ఒకటి సెంటరింగ్, అంటే బొమ్మ చుట్టూ తెల్ల అంచు నాలుగు వైపులా సమంగా ఉండడం. ఆ కాలపు రంధ్రాల యంత్రాలు అంత కచ్చితమైనవి కావు కనుక, చాలా ప్రతుల్లో రంధ్రాలు ఏదో ఒక వైపు చట్రాన్ని కొరుకుతూ ఉంటాయి. నాలుగు వైపులా అంచు మిగిలిన ప్రతికి ఎక్కువ ధర అడిగితే అది న్యాయమే. రెండోది తపాలా ముద్ర. అలల గీతల యంత్రపు ముద్ర నేరుగా పడవల మీద పడితే నల్ల చారల కింద నది మాయమవుతుంది. బిళ్ళ ఒక మూలకు మాత్రమే ముద్ర తగిలినది ఎంచుకోవాలి. బిళ్ళ కాగితంలో నీటి గుర్తు కూడా ఉన్నది, జంట గీతలతో గీసిన USPS అనే పొడి అక్షరాల ముక్కలు వెనుకవైపు పరీక్షా ద్రవం వేస్తే కనబడతాయి. ఈ బిళ్ళకు మాత్రం ఆ పరీక్ష కొత్తగా చెప్పేదేమీ ఉండదు, సరదాకు చేయవలసిందే.

జాగ్రత్త అంతా అంచు రంధ్రాలు లేని రకం దగ్గర చూపాలి. అది 2,16,480 ప్రతులే వచ్చింది. అప్పట్లో బిళ్ళలు అమ్మే యంత్రాలు తయారుచేసే కంపెనీలు రంధ్రాలు లేని తావులు తీసుకుని తమ యంత్రాలకు అనువైన రంధ్రాలు తామే వేసుకునేవి; సేకరణకర్తలూ అలాంటి తావులు కొని దాచుకున్నారు. సంఖ్య తక్కువ కావడంతో దీని ధర మామూలు రకం కన్నా బాగా ఎక్కువ. ఆ తేడాయే మోసానికి మూలం: వెడల్పాటి అంచులున్న మామూలు బిళ్ళ నుంచి రంధ్రాల అంచును కత్తెరతో కత్తిరించేసి, రంధ్రాలు లేని రకమని అంటగట్టడం చాలా తేలిక. ఒంటరి బిళ్ళగా ఇది కనబడితే, ఎంత నమ్మకమైన మనిషి చెప్పినా, చేయి వెనక్కు తీసుకోవడమే మంచిది. విడదీయని జతను మాత్రమే కొనాలి, రెండు బిళ్ళల నడుమ రంధ్రాలు లేని ఖాళీ కనబడితే ఆ మోసానికి అవకాశం ఉండదు.

జిగురుతో ఉన్న కొత్త ప్రతి కొనాలా అని అడిగేవారికి, మన వాతావరణాన్ని తలచుకుని వద్దనే చెబుతాను. వానాకాలపు తేమకు పాత జిగురు ఇట్టే కరిగి ఆల్బమ్ కాగితానికి పట్టేస్తుంది; ఎండాకాలంలో రేకుల కప్పు ఇళ్ళలో అదే జిగురు పెళుసెక్కి పగుళ్ళు తెస్తుంది. పైగా చెడిపోయిన జిగురును కడిగేసి కొత్త జిగురు పూసి ‘మింట్’ అని, అంటే వాడని అసలు ప్రతి అని, అమ్మేవారూ లేకపోలేదు. వాడిన ప్రతికి ఈ బెడద లేదు. బజారులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి. ఏళ్ళ మీద ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే నూనె ఎరుపు రంగును పాడుచేస్తుంది. పాలిస్టర్ మౌంట్లు, అంటే బిళ్ళను దాచే పారదర్శకమైన తొడుగులు, కొంచెం ఖరీదైనా వాటినే వాడాలి. అన్నట్టు, 1861 తర్వాత వచ్చిన అమెరికా బిళ్ళలు నేటికీ అక్కడి తపాలాలో చెల్లుతాయి కనుక, వాడని ప్రతిని ఉత్తరం మీద అంటించడానికి చట్టం అడ్డుచెప్పదు. అంత సాహసం ఎవరూ చేయరనుకోండి.

నా తర్వాతి కొనుగోలు విడి బిళ్ళ కాదు, ఈ బిళ్ళ అంటించిన పోస్టుకార్డు. ఉత్సవాలు సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 9 దాకా సాగాయి. ఆ రోజుల్లో చిత్రాల పోస్టుకార్డులు లెక్కలేనన్ని తయారయ్యాయి, వాటిలో కొన్నింటి మీద హాఫ్ మూన్, క్లెర్మాంట్ నమూనా ఓడల బొమ్మలే ఉన్నాయి. కార్డుకు ఒక సెంటు సరిపోతుండగా రెండు సెంట్ల స్మారక బిళ్ళ అంటించారంటే, పంపినవారు కావాలనే దాన్ని ఎంచుకున్నారని అనుకోవచ్చు. విదేశానికి పంపిన కార్డయితే రెండు సెంట్లు అసలు రేటే. విడుదల రోజున తొలిరోజు కవర్లు తయారుచేసే ఆనవాయితీ అప్పటికి ఇంకా గట్టిపడలేదు కాబట్టి సెప్టెంబరు 25 ముద్రతో ఉన్నవి అరుదు, వాటి ధర నాలాంటి వారికి అందదు. అక్టోబరు మొదటివారపు ముద్ర స్పష్టంగా ఉన్న కార్డు రెండువేల లోపు దొరికితే, వెనుకవైపు ఫొటో కూడా చూశాక, తీసుకుంటాను.